హాంప్‌డెన్ ఎల్‌ఆర్‌ఓకే, 62 శాతం: అది పాడైన వాసన కాదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ బావగారు లండన్ నుంచి ఒక జమైకా రమ్ము తెచ్చారు. లేబుల్ మీద అమ్మిన వేరే కంపెనీ పేరుతో పాటు హాంప్‌డెన్, ఎల్‌ఆర్‌ఓకే, 2009లో బట్టీ దిగింది, 2022లో సీసాకెక్కింది, ఒకే పీపా, 212 సీసాలు, నిల్వ యూరప్‌లో, 62 శాతం అని ఉంది. బిరడా తీయగానే నెయిల్ పాలిష్, మగ్గిపోయిన అనాస, ఆవకాయ ఊట కలిపినట్టు కొట్టింది. గుక్క వేస్తే నాలుక మొద్దుబారింది. ఐసు వేసి కోక్ పోసినా ఆ వాసన పోలేదు. సరుకు పాడైందా, నకిలీదా, లేక తాగే పద్ధతి వేరే ఉందా?

పాడవలేదు. మీరు చెప్పిన మూడు వాసనలూ ఆ బట్టీ నుంచి రావలసినవే, లేకపోతేనే అనుమానించాలి. కోక్ మాత్రం ఇక పోయకండి. డబ్బు దండగన్న మాట అటుంచి, ఈ రమ్ము ఏ కోలా కిందా అణగదు, రెండూ చెడతాయి.

మన దగ్గర రమ్ము అంటే 42.8 శాతం, నల్లటి రంగు, వెనీలా తీపి. ఆ లెక్కతో దీన్ని నోట్లో పోసుకుంటే దెబ్బ తగలడం సహజం. ముందు బలం సంగతి తేల్చుకోండి. 62 శాతం రమ్ము 60 మి.లీ. పెగ్గు పోస్తే అందులో శుద్ధ ఆల్కహాల్ 37 మి.లీ. పైచిలుకు. మనకు అలవాటైన రమ్ము 87 మి.లీ. తాగినట్టు. కాబట్టి రుచి చూడ్డానికి పెగ్గు కొలత పనికిరాదు. 15 మి.లీ. చాలు. అమెరికా సీసాల మీద 124 ప్రూఫ్ అని ఉంటే అదీ 62 శాతమే. మన సీసాల మీది పాత బ్రిటిష్ ప్రూఫ్ లెక్క వేరు, అందులో 75 అంటే 42.8 శాతం. రెంటినీ కలిపి కంగారు పడేవాళ్ళు చాలామంది.

ఇక ఆ వాసన. హాంప్‌డెన్ బట్టీ జమైకాలో ట్రెలానీ పారిష్‌లో (మన జిల్లా లాంటిది) ఉంది. అక్కడ మొలాసిస్‌ని ప్యాకెట్ ఈస్టుతో ఒకటి రెండు రోజుల్లో పులియబెట్టి తెమల్చరు. చెక్క తొట్టెల్లో, గాల్లోనూ తొట్టెల గోడల్లోనూ ఉండే అడవి ఈస్టుతో, వారాల లెక్కన పులియనిస్తారు. కిందటి దఫా బట్టీ అడుగున మిగిలిన మడ్డి, అంటే డండర్, కలుపుతారు. గోతిలో మురగబెట్టిన మక్, చెరకు రసం పులిసిన వెనిగర్ కూడా పడతాయి. దాంతో ఈస్టుతో పాటు బాక్టీరియా పనిచేసి అసిటిక్, బ్యుటిరిక్ లాంటి ఆమ్లాలు పుట్టిస్తుంది. విడిగా వాసన చూస్తే బ్యుటిరిక్ ఆమ్లం మురిగిన వెన్న కంపు. అదే ఆల్కహాల్‌తో కలిసి ఇథైల్ బ్యుటిరేట్ అయిందా, అనాసపండు. ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి ఇలా తయారయ్యేవే ఈస్టర్లు. పైగా అక్కడివి రెండు రిటార్టులు, అంటే ఆవిరిని మళ్ళీ కాచే పాత్రలు, తగిలించిన పాట్ బట్టీలు, దఫాల లెక్కన కుండలో కాచేవి. నిలువు గొట్టంలో ఆపకుండా కాచే కాలమ్ బట్టీ కడిగి పారేసేదాన్ని ఇవి వదలకుండా పట్టుకొస్తాయి.

ఎల్‌ఆర్‌ఓకే అనేది ఈస్టర్ల మోతాదును చెప్పే గుర్తు, దాన్నే మార్కు అంటారు. హాంప్‌డెన్‌లో ఇలాంటివి ఎనిమిది ఉన్నాయి. లెక్క, వంద లీటర్ల శుద్ధ ఆల్కహాల్‌కి ఎన్ని గ్రాముల ఈస్టర్లు అని. ఓడబ్ల్యూహెచ్ 40–80, ఎల్‌ఎఫ్‌సీహెచ్ 85–120, మీ ఎల్‌ఆర్‌ఓకే 200–400, హెచ్‌ఎల్‌సీఎఫ్ 500–600, డైమండ్ హెచ్ 900–1000, అలా పోయి డీఓకే 1500–1600 దగ్గర ఆగుతుంది. జమైకా నిబంధన ప్రకారం 1600 పైకప్పు. అన్నట్టు ఎల్‌ఆర్ అంటే లైట్ రమ్, ఓకే అంటే ఓవెన్ కెల్లీ అన్న పేరు. మీ నాలుకను మొద్దుబార్చింది ఆ ఇంట్లో లైటు సరుకు.

ఈ అంకెను మీ గ్లాసు దాకా తెచ్చుకుందాం. 200–400 అంటే లీటరు శుద్ధ ఆల్కహాల్‌లో 2–4 గ్రాములు. 62 శాతం రమ్ములో లీటరుకి సుమారు ఒకటింపావు నుంచి రెండున్నర గ్రాములు. మీరు పోసుకునే 15 మి.లీ.లో 20–40 మిల్లీగ్రాములు. గది నింపేయడానికి అంతే చాలు. అయితే ఒక మెలిక ఉంది. ఈ బరువులో ఎక్కువ భాగం ఇథైల్ అసిటేట్ ఒక్కటే, అంటే నెయిల్ పాలిష్ వాసన. అనాస, అరటి, పనస ఇచ్చే మిగతా ఈస్టర్లు తూకంలో కొంచెమే, రుచిలో వాటిదే పెత్తనం. అందుకే పెద్ద అంకె ఉంటే గొప్ప రమ్ము అని లెక్కేసి డీఓకే వెనక పడకండి. అది నిజానికి వేరే రమ్ముల్లో చుక్కలు కలపడానికీ, మిఠాయిల్లో వాసనకీ చేసిన సరుకు. జర్మనీలో ఇలాంటి రమ్మును కొద్దిగా తీసుకుని మామూలు స్పిరిట్‌తో పెంచి ఫెర్‌ష్నిట్ పేరుతో అమ్మేవారు. నేరుగా తాగడానికి నా మటుకు ఎల్‌ఆర్‌ఓకే, హెచ్‌ఎల్‌సీఎఫ్‌లే సరైన చోటు. ఇంకో సంగతి, ఆ అంకె బట్టీ దిగిన రోజుది. పదమూడేళ్ళు పీపాలో ఉంటే నీరూ ఆల్కహాలూ కొంత ఆవిరవుతాయి, చెక్క నుంచి ఆమ్లాలు దిగుతాయి, కొత్త ఈస్టర్లు పుడతాయి. సీసాలో ఉన్నది సరిగ్గా అంతే అనుకోవడానికి లేదు.

మరి హాంప్‌డెన్ సరుకు మీద వేరే కంపెనీ పేరెందుకుంది? ఇండిపెండెంట్ బాట్లర్ అంటే బట్టీ లేని వ్యాపారి. పీపాలు కొంటాడు, నిల్వ పెడతాడు, ఏది ఎప్పుడు సీసాకెక్కించాలో తేలుస్తాడు. స్కాట్లాండ్‌లో 1842 నాటి కేడెన్‌హెడ్స్, ఇటలీలో జెనోవాకు చెందిన వెలియే అందరికీ తెలిసిన పేర్లు. పీపాలు చాలావరకు ఆమ్‌స్టర్‌డామ్‌లోని షియర్, దాని సోదర సంస్థ లివర్‌పూల్ మెయిన్ రమ్ కంపెనీల నుంచి వస్తాయి. హాంప్‌డెన్ విషయంలో ఈ వ్యాపారుల పాత్ర మరీ పెద్దది. ఆ ఎస్టేటు తరతరాలుగా రమ్మును టోకుగా అమ్మేసింది. సొంత పేరుతో నిల్వ రమ్ము మొదటిసారి బజారుకొచ్చింది 2018లోనే. అంతకుముందు పాత హాంప్‌డెన్ తాగాలంటే ఇలాంటి సీసాలే దిక్కు.

దీనివల్ల తాగేవాడికి ఒక సౌకర్యం ఉంది, ఒక ఇబ్బంది ఉంది. ఒకే ఏడు, ఒకే మార్కు సరుకును నలుగురు బాట్లర్లు కొంటారు. పీపా మారితే రమ్ము మారుతుంది. ఒకరి 2009 ఎల్‌ఆర్‌ఓకే గురించి చదివిన రుచులు మీ సీసాలో లేకపోతే తప్పు మీ నాలుకది కాదు. బాట్లర్‌కి ఇవ్వాల్సిన మార్కులు పీపా ఎంపికకీ, సమయానికీ, బలానికీ. రమ్ము పుట్టుకకి కాదు.

సీసాల సంఖ్యతో లేబుల్‌ని సరిచూడొచ్చు. సాధారణ బోర్బన్ పీపా సుమారు 200 లీటర్లు. యూరప్‌లో ఏడాదికి 2 శాతం ఆవిరి అనుకుంటే పదమూడేళ్ళకు 154 లీటర్లు మిగులుతుంది, 700 మి.లీ. చొప్పున 220 సీసాలు. మీ లేబుల్ 212 అంటోంది. నీళ్ళు కలపకుండా ఒకే పీపా నుంచి తీశారన్న మాటకి లెక్క కుదిరింది. అదే కరీబియన్ ఎండలో నిల్వ ఉంటే ఏడాదికి 6 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పోతుంది. 6 శాతం లెక్కన 200 లీటర్లు ఇరవై ఏళ్ళకు 58 లీటర్లే, ఎనభై సీసాల పైచిలుకు. ఇరవై ఏళ్ళు అక్కడే ఉంచాం, ఒకే పీపా, మూడు వందల సీసాలు అని రాసి ఉంటే రెంటిలో ఒకటి జరిగి ఉండాలి: పీపా పెద్దది, లేదా మధ్యలో పీపాలు కలిపి నింపారు. మోసమని కాదు, అడగాల్సిన ప్రశ్న అని.

యూరప్ నిల్వా, అక్కడి నిల్వా అన్నది రుచిలోనూ తెలుస్తుంది. ఎండలో చెక్క తొందరగా దిగుతుంది, రంగు చిక్కన, వగరు ఎక్కువ. చల్లటి గిడ్డంగిలో చెక్క నెమ్మది, బట్టీ వాసన ముందుంటుంది. మీ సీసా రెండో రకం. అందుకే పదమూడేళ్ళ సరుకైనా గడ్డి రంగుకి కాస్త ఎక్కువ అంతే, ముదురు గోధుమ రంగు లేదని దిగులుపడకండి.

ఇప్పుడు తాగడం. ముందు గది. అగరొత్తులు వెలిగించిన గదిలో, పోపు పెట్టిన గంటలోపు ఇది తేలదు. అత్తరు, కొబ్బరినూనె, చేతికి రాసుకునే శానిటైజర్ కూడా అడ్డమే. బిర్యానీ తిన్నాక మూడు గంటలు ఆగండి. కారం తిన్న నాలుకకి 62 శాతం మంట తప్ప ఏమీ తెలియదు. ఎండాకాలం హైదరాబాదులో గది 35 డిగ్రీలుంటే ఆల్కహాల్ ఆవిరే ముక్కుని కప్పేస్తుంది. ఏసీ వేసి గది 22–24కి తెచ్చి, సీసాని కూడా ఓ గంట అక్కడ ఉంచండి. ఫ్రిజ్ వద్దు, ఐసు వద్దు. చల్లబడితే వాసనలు లేవవు, చేదూ వగరూ మాత్రం మిగులుతాయి.

గ్లాసు కింద బొద్దుగా, పైన మూతి ఇరుకుగా ఉండాలి. గ్లెన్‌కెయిర్న్ గానీ షెర్రీ కోపిటా గానీ. అడుగు వెడల్పు విస్కీ గ్లాసులో వాసన చెదిరిపోతుంది. గిన్నెల సబ్బు వాసన మిగిలిందేమో ఖాళీ గ్లాసులో ఒకసారి చూసుకోండి. చాలామంది రమ్ములో కనిపెట్టే నిమ్మ వాసన ఈ సబ్బుదే. ఇవి కాక మెడికల్ షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి ఒకటి, నీళ్ళ సీసా ఒకటి. బోరు నీళ్ళు, క్లోరిన్ వాసనొచ్చే కుళాయి నీళ్ళు కాకుండా ఆర్‌ఓ నీళ్ళు గానీ ప్యాకేజ్‌డ్ నీళ్ళు గానీ, గది వేడిమిలో.

ఒకటి కాదు, రెండు గ్లాసులు పెట్టండి. ఒక్కోదాంట్లో 15 మి.లీ. ఒకటి చివరిదాకా నీళ్ళు కలపకుండా, పోల్చుకోవడానికి. రెండోది నీళ్ళకి. ఒకే గ్లాసులో తాగుతూ నీళ్ళు కలుపుతూ పోతే ఎంత మిగిలిందో, ఎంత శాతానికి దిగిందో తెలియదు, ముందు ఎలా ఉండేదో గుర్తుండదు.

పోశాక ఇరవై నిమిషాలు ముట్టుకోకండి. తొంభై శాతం మంది తప్పుచేసేది ఇక్కడే అనిపిస్తుంది. ఇథైల్ అసిటేట్ 77 డిగ్రీలకే మరుగుతుంది, ఆల్కహాల్ కంటే ఓ మెట్టు ముందు. అంటే గ్లాసులోంచి మొదట లేచేది అదే, మొదట పోయేదీ అదే. అనాస వాసన ఇచ్చే ఇథైల్ బ్యుటిరేట్ 121 దగ్గర, అరటి వాసన ఇచ్చే ఐసోఅమైల్ అసిటేట్ 142 దగ్గర మరుగుతాయి. అవి నిలకడగా ఉంటాయి. బిరడా తీసిన వెంటనే ముక్కు పెట్టిన మీకు తగిలింది ముందువరస మాత్రమే. గ్లాసుని గిరగిరా తిప్పకండి. వైన్‌కి ఆ అలవాటు సరే, ఇంత బలంలో తిప్పితే ఆవిరి గుప్పున లేచి ముక్కు పది నిమిషాలు పనిచేయదు.

వాసన చూసేటప్పుడు గ్లాసుని గడ్డం దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి తెండి. నోరు కొంచెం తెరిచి ఉంచండి, మంట సగం తగ్గుతుంది. గట్టిగా పీల్చకుండా చిన్న చిన్నగా, మధ్యమధ్య ముక్కు తిప్పేసి మామూలు గాలి. గ్లాసు మూతి పై అంచు దగ్గర ఒక రకం, కింది అంచు దగ్గర ఇంకో రకం వాసన దొరుకుతుంది. రెండూ చూడండి.

మీకు దొరకాల్సినవేంటో చెబుతాను, కానీ ఇంగ్లిష్ రివ్యూల్లోని పేర్లు వెతక్కండి. మన ముక్కుకి తెలిసినవే వెతకండి. మొదట నెయిల్ పాలిష్, కొత్త వార్నిష్. అది తగ్గాక మగ్గిన అనాస, తొక్క నల్లబడిన అరటిపండు, కోసి గదిలో ఉంచిన పనసతొన. పనసపండు వాసనలో కూడా ఇదే జాతి ఈస్టర్లున్నాయి కాబట్టి పోలిక ఊరికే రాలేదు. వాటి వెనక ఉప్పునీటిలో ఊరిన ఆలివ్, అంటే మన నాలుకకి ఉప్పు గోంగూర, ఊరిన మామిడికాయ దగ్గరి పులుపు. ఆ అడుగున నల్లబెల్లం, కొంచెం తారు, ఆస్పత్రి పట్టీ వాసన. పీపా వంతు వెనీలా, కొబ్బరి, వేయించిన చెక్క. మీ సీసాలో ఇది పల్చగానే ఉంటుంది.

మొదటి గుక్క రుచి కోసం కాదు. రెండు మూడు చుక్కలు నాలుక మీద వేసుకుని నోరంతా తిప్పి మింగండి. అది నోటికి పరిచయం. నిమిషం ఆగి, తర్వాతిది పావు టీస్పూను. ఎనిమిది పది సెకన్లు నోట్లో ఉంచి, లాలాజలంతో కలవనిచ్చి మింగాక, నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. అసలు పండ్లు కనిపించేది అక్కడ. మంట పోయాక ఏం మిగిలింది, ఎంతసేపు మిగిలింది గమనించండి. మంచి హాంప్‌డెన్‌కి ఉప్పు, పులుపు, ఆలివ్ పది నిమిషాలకి కూడా నాలుక పక్కల్లో తగులుతుంటాయి. తీపి మాత్రం ఉండదు. వాసన తీపిగా ఉండి రుచి పొడిగా ఉంటే కొత్తవాళ్ళకి ఇందులో ఏదో తక్కువైంది అనిపిస్తుంది. తక్కువైంది చక్కెర.

ఇప్పుడు రెండో గ్లాసు. ఇంకా తాగకుండా 15 మి.లీ. అలాగే ఉందిగా. సిరంజితో ఒక్కో మి.లీ. చొప్పున వేయండి. 1 మి.లీ.కి 58 శాతం, 2కి 54.7, 3కి 51.7, 4కి 48.9, 5కి 46.5. ప్రతి మి.లీ. తర్వాత మూడు నాలుగు నిమిషాలు ఆగి వాసన, తర్వాత చిటికెడు రుచి. చిటికెడు తాగినంత మేర లెక్క కొంచెం జరుగుతుంది, పట్టించుకోనక్కర్లేదు. నీళ్ళు వేస్తే జరిగేది పలచబడటం ఒక్కటే కాదు. ఈస్టర్లు ఆల్కహాల్‌లో బాగా కరుగుతాయి, నీళ్ళలో అంతగా కరగవు. నీటి వాటా పెరిగితే అవి ద్రవాన్ని వదిలి పైకొస్తాయి, మంటేమో తగ్గుతుంది. అందుకే చాలా ఎల్‌ఆర్‌ఓకేలు 54–50 మధ్య విచ్చుకుంటాయి. 46 కిందికి దించితే మధ్యలో బోలుతనం వస్తుంది: ముందు పండు, చివర పులుపు, నడుమ నీళ్ళు. మీ సీసాకి ఏది సరైన చోటో ఒకసారి తేల్చుకుంటే తర్వాత ఎప్పుడైనా అంతే నీళ్ళు ఒకేసారి పోసుకోవచ్చు.

నీళ్ళు కలిపాక రమ్ము కొద్దిగా మసకబారితే భయపడొద్దు. చల్లబరిచి వడకట్టని రమ్ముల్లో కొవ్వు ఆమ్లాల ఈస్టర్లు ఉంటాయి, బలం 46 దరిదాపుల్లోకి దిగితే అవి నీళ్ళలో నిలవలేక పొగలా తేలతాయి. హానిలేదు, వడకట్టలేదనడానికి గుర్తు కూడా. తెల్లటి రవ్వలు పడితే అవి నీళ్ళలోని ఉప్పులు, నీళ్ళు మార్చండి.

నిజమైన లోపాలూ ఉంటాయి, అవి వేరు. తడిసిన అట్టపెట్టె, ముగ్గిన గోనెసంచి వాసన వస్తే బిరడా తెగులు. గంట ఆగినా అది పోదు, ఇంకా పెరుగుతుంది. అగ్గిపుల్ల, కాలిన రబ్బరు వాసన షెర్రీ పీపాల గంధకం కావొచ్చు, కొంత గాలికి పోతుంది. నీళ్ళు వేసిన కొద్దీ చేదు, తుమ్మబంక వగరు పైకొస్తే చెక్క ఎక్కువైందని, ఎండదేశంలో మరీ ఎక్కువ కాలం ఉంచిన పీపాల్లో ఇది మామూలు. నెయిల్ పాలిష్ నలభై నిమిషాలకి కూడా తగ్గకుండా, దాని వెనక పండు లేకుండా ఉంటే పీపా ఎంపికలో పొరపాటు. పోర్ట్, రెడ్ వైన్ పీపాల్లో చివర్లో నానబెట్టి అమ్మే హాంప్‌డెన్‌లు కూడా వస్తున్నాయి. నాకు అది అనవసరపు సింగారం అనిపిస్తుంది.

చక్కెర కలిపారా అన్న అనుమానం అన్ని రమ్ములకీ పనికొస్తుంది కాబట్టి చెబుతున్నా. యూరప్ నిబంధన ప్రకారం రమ్ములో లీటరుకి 20 గ్రాముల దాకా తీపి కలపొచ్చు, రమ్మే అని అమ్మొచ్చు. పీపా బలంతో, అంటే నీళ్ళు కలపకుండా, వచ్చే ఇలాంటి సీసాల్లో ఎక్కువమంది కలపరు, లేబుల్ మీద ఆ ముక్క రాస్తారు కూడా. ఇంట్లో చూడాలంటే టీస్పూను రమ్మును తెల్లటి సాసరులో పోసి రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున వేలికి జిగురుగా సాగితే తీపి కలిసినట్టే. పల్చటి గోధుమరంగు పొర, పెద్దగా అంటుకోకపోతే అది చెక్క. హైడ్రోమీటర్ ఉన్నవాళ్ళు 20 డిగ్రీల దగ్గర కొలిచి, లేబుల్ శాతానికంటే ఎంత తక్కువ చూపిస్తుందో చూస్తారు. 40 శాతం రమ్ములో ఒక్కో శాతం తేడాకి లీటరుకి దాదాపు 4 గ్రాముల చక్కెర అని మోటు లెక్క. ఫిన్లాండ్ ప్రభుత్వ మద్యం దుకాణాలు ఆల్కో తమ వెబ్‌సైటులో ప్రతి సీసాకీ చక్కెర అంకె ఇస్తాయి, అదీ చూసుకోవచ్చు.

పోల్చుకోవడానికి ఇంకో సీసా కొనాలంటే ఇంకో జమైకా కాకుండా గయానా పోర్ట్ మొరాంట్ చూడండి. లేబుల్ మీద పీఎం అని కూడా ఉంటుంది. చెక్కతో కట్టిన జోడు పాట్ బట్టీ అది. ఆ ఎస్టేటులో బట్టీ ఎప్పుడో మూతపడింది, ఆ చెక్క బట్టీని వూట్‌ఫ్లుగ్‌కీ, తర్వాత డైమండ్‌కీ తరలించారు. కాబట్టి తొంభైల నాటి సీసా మీద పోర్ట్ మొరాంట్ అంటే ఊరు కాదు, బట్టీ. సోంపు, అతిమధురం, పెన్సిల్ చెక్కిన పొట్టు వాసన. హాంప్‌డెన్ పక్కన పెడితే రెండు లోకాలు. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఆ ఊరు వేరే రకంగా తెలుసు: వెస్టిండీస్‌కి ఆడిన రోహన్ కన్హాయ్, కాళీచరణ్, బుచర్, జో సాలమన్ అక్కడివాళ్ళే. చెరకు తోటల పనికి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలెక్కిన దేశం అది, తెలుగు కూలీలూ వాళ్ళలో ఉన్నారు.

ట్రినిడాడ్ కరోనీ గురించి కూడా వింటుంటారు. ఆ బట్టీ 2000ల మొదట్లో మూతపడింది, మిగిలిన పీపాలే తిరుగుతున్నాయి. పెట్రోలు, తారు, రబ్బరు. ధరలు చూస్తే తాగబుద్ధి కాదు. బార్బడోస్ ఫోర్‌స్క్వేర్ మెత్తనిది, పాట్ కాలమ్ రెండూ కలిపిన రమ్ము, మొదట చూడాల్సింది. ఒకే సాయంత్రం రెండు మూడు చూస్తే బార్బడోస్ ముందు, గయానా తర్వాత, జమైకా చివర. హాంప్‌డెన్ ముందు తాగితే ఆ తర్వాత ఏది పోసినా అనాసే. ఒక్కోటి 15 మి.లీ. మించకుండా, మధ్యలో నీళ్ళూ ఉప్పులేని బిస్కెట్టూ. మూడు కలిపితే శుద్ధ ఆల్కహాల్ 27 మి.లీ. దాకా అవుతుంది, బండి తీయకండి. ఉమ్మేయడం మర్యాద తక్కువేం కాదు, రుచి చూసే పనిలో ఉన్నవాళ్ళు చేసేది అదే.

తాగాక గ్లాసు కడగకుండా పక్కన పెట్టండి. పొద్దున ఆరిపోయిన గ్లాసులో ఆల్కహాల్, నెయిల్ పాలిష్ రెండూ పోయి, బెల్లం పాకం, చెక్క, కొంచెం పొగ మిగులుతాయి. పీపా ఎంత మంచిదో ఆ ఖాళీ గ్లాసు బాగా చెబుతుంది.

సీసా నిల్వ సంగతి. నిలబెట్టే ఉంచండి, వైన్‌లా పడుకోబెడితే 62 శాతం బిరడాని తినేస్తుంది. ఎండ తగలని చెక్క అల్మరా, మేడ మీది గది కాకుండా. మన ఎండల్లో బిరడా ఎండి వదులవుతుంది, మూతి చుట్టూ పారాఫిల్మ్ (సాగే మైనపు పట్టీ) రెండు చుట్లు చుడితే చాలు. మొదటి పెగ్గు తీసిన సీసా రెండు మూడు వారాలకి కాస్త మెత్తబడుతుంది, అందుకని ఇప్పటి అభిప్రాయం చీటీ మీద రాసి పెట్టి నెలాఖరుకి మళ్ళీ చూడండి. సగం దిగే దాకా కంగారు లేదు, ఈస్టర్లు నిండిన రమ్ము గాలికి బాగా తట్టుకుంటుంది. మూడో వంతుకి వచ్చాక మాత్రం 100 మి.లీ. గాజు సీసాల్లోకి మూతిదాకా నింపి మార్చుకోండి. ప్లాస్టిక్ వద్దు, ఈ ఈస్టర్లు దాన్నీ వదలవు. బావగారు మళ్ళీ ఏదైనా తెస్తానంటే 70 శాతం దాటినవి విమానంలో ఎక్కనివ్వరని చెప్పండి, ఆ లోపలివి కస్టమ్స్ పరిమితి రెండు లీటర్లలో సర్దుకోవాలి.